స్టీరింగ్ ఆడుతోందా? ఎడ్లబండి సీల నుంచి టై రాడ్ ఎండ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఇంజిన్ గురించి, మైలేజీ గురించి ఒక్క మాట కూడా ఉండదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒక పికప్ బండి ఉంటుంది కదా. బొలెరో వ్యాను కావచ్చు, టాటా ఏస్ కావచ్చు, పాత 407 కావచ్చు. ఒకసారి వంగి ముందు చక్రాల మధ్యకి చూడండి. అడ్డంగా ఇనుప కడ్డీలు కనిపిస్తాయి. వాటి చివర్లలో, నల్ల రబ్బరు టోపీ కింద, ఉసిరికాయంత ఉక్కు గుండు ఒకటి గిన్నెలో కూర్చుని ఉంటుంది. మన చేతికి, రోడ్డుకి మధ్య ఉన్న సంబంధం మొత్తం ఆ గుండు మీదే ఆధారపడి ఉంది. ఇంజిన్ పోతే బండి ఆగిపోతుంది, అంతే. ఆ గుండు గిన్నెలోంచి జారితే మాత్రం చక్రం ఒక దారి, మనం ఒక దారి.

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు డ్రైవర్ల నోట ఈ మాట ఎప్పుడూ వింటాం: "ఏటి బావూ, స్టీరింగు ఆడతంది, బండి ఓ పక్కకి లాగెత్తంది." ఆ "ఆడటం" ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కథ బండి దగ్గర కాదు, ఎడ్లబండి దగ్గర మొదలుపెట్టాలి.

ఎడ్లబండికి స్టీరింగ్ లేదు. ఎప్పుడైనా ఆలోచించారా? రెండు చక్రాలు, ఒక ఇరుసు, ముందు నొగలు, కాడి. తిప్పేది ఎద్దులే. ఎద్దు తిరిగితే బండి తిరుగుతుంది. చక్రం ఊడకుండా ఇరుసు చివర ఒక సీల ఉంటుంది, పుస్తకాల్లో శీల అంటారు. ఇరుసుకి ఆముదంలో మసి కలిపి కందెన రాస్తారు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని సామెతే ఉంది మనకి. ఈ సీల, ఈ కందెన, రెండింటినీ గుర్తుపెట్టుకోండి. ఇవి మళ్లీ వస్తాయి.

ఈ ప్రాంతం చాలాకాలం ఈ బళ్ల మీదే నడిచింది. 1940లో మందసా జమీందారు అడవిలోకి రైతులు వెళ్లింది బళ్లు కట్టుకునే. కలప నింపుకుని వచ్చారు. ఆ గొడవే పెరిగి 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది, వీర గున్నమ్మ అందులోనే చనిపోయింది. అది వేరే ఎపిసోడ్‌కి సరిపడా కథ, ఇక్కడ ఆపుతాను. అంతకు ముందే 1900లో నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది. పర్లాకిమిడి రాజావారు వేయించుకున్న నారోగేజి లైను. రైలుకీ స్టీరింగ్ లేదు, పట్టాలే దాని స్టీరింగ్. ఒకదానికి ఎద్దులు దారి చూపిస్తాయి, ఇంకొకదానికి పట్టాలు చూపిస్తాయి.

మరి నాలుగు చక్రాలుండి, పట్టాలు లేకపోతే? ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో మనకి పక్కనే పూరీలో కనిపిస్తుంది. జగన్నాథుడి రథం నందిఘోషకి 16 చక్రాలు. ఒక్కటీ పక్కకి తిరగదు. అందుకే రథం తిన్నగా పోయినంతసేపు బాగానే పోతుంది, తిప్పాలంటే మాత్రం అది పెద్ద పని. గుండిచా గుడి దగ్గర తిరుగు ప్రయాణం కోసం రథాల్ని తిప్పడానికి ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే ఉంది, దక్షిణ మోడ అంటారు. తాళ్లతో లాగి, అంతమంది మనుషులు కలిస్తే గానీ తిరగదు.

యూరప్‌లో గుర్రపు బగ్గీలకి దీనికొక పరిష్కారం కనిపెట్టారు. ముందు ఇరుసుని మొత్తంగా, మధ్యలో ఒకే మేకు మీద తిరిగేలా పెట్టారు. గుర్రం తిరిగితే ఇరుసంతా తిరుగుతుంది. బాగానే ఉంది, కానీ ఎక్కువ తిప్పితే ముందు చక్రం బగ్గీ కిందకి వెళ్లిపోతుంది. అప్పుడు నాలుగు కాళ్ల మంచం మూడు కాళ్ల పీట అయినట్టే. మలుపులో బోల్తా.

1816 ప్రాంతంలో మ్యూనిక్‌లో రాజుగారి బగ్గీలు చేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన వేరేగా ఆలోచించాడు. ఇరుసు కదలదు. దాని రెండు కొసల్లో చిన్న చిన్న ముక్కలు మాత్రమే, ఎవరి మేకు మీద వాళ్లు తిరుగుతారు. ఆ రెండిటినీ వెనక ఒక అడ్డ కడ్డీతో కలిపాడు. ఆ మేకునే ఇప్పుడు మన మెకానిక్‌లు కింగ్ పిన్ అంటారు, ఆ అడ్డ కడ్డీయే టై రాడ్. 1818లో లండన్‌లో ఆయన తరఫున పేటెంట్ తీసుకున్నది రుడాల్ఫ్ ఆకర్‌మన్. ఆయన అసలు వృత్తి బొమ్మల అచ్చులు, పుస్తకాలు అమ్మడం. ఇప్పటికీ ఇంజినీరింగ్ పుస్తకాల్లో దీన్ని "ఆకర్‌మన్ స్టీరింగ్" అనే రాస్తారు. కనిపెట్టినాయన పేరు పోయింది, అప్లికేషన్ పెట్టినాయన పేరు నిలిచింది. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

దీనిలో ఒక తెలివి ఉంది. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద నడుస్తాయి. అంటే రెండూ ఒకే కోణంలో తిరగకూడదు, లోపలిది కొంచెం ఎక్కువ తిరగాలి. అందుకే టై రాడ్‌ని, దాన్ని పట్టుకునే రెండు చేతుల్ని పైనుంచి చూస్తే దీర్ఘచతురస్రంలా ఉండదు, ఒక పక్క కురచైన ట్రెపీజియంలా ఉంటుంది. పదో తరగతిలో ఎందుకురా ఈ బొమ్మ అనుకున్నాం కదా, అది మన బండి కింద ఉంది.

కార్ల కాలం వచ్చేసరికి కూడా ఇది అంత సులువుగా ఒంటబట్టలేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మొదటి కారుకి మూడే చక్రాలు. నాలుగు చక్రాలకి సరైన స్టీరింగ్ ఇంకా ఆయన చేతికి అందలేదు మరి. 1893లో దానికి పేటెంట్ తీసుకుని, విక్టోరియా అనే నాలుగు చక్రాల బండి తెచ్చాడు.

ఇక్కడే మన అసలు విషయం మొదలవుతుంది. ఎద్దుని తీసేసి చక్రాన్ని మనిషి చేత్తో తిప్పాలంటే, చేతి నుంచి చక్రం దాకా కడ్డీలు కావాలి. చక్రం గోతుల్లో పైకీ కిందకీ ఎగురుతుంది, స్టీరింగ్ బాక్స్ మాత్రం ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. కాబట్టి ప్రతి కడ్డీ కొసకీ అన్ని వైపులా తిరిగే కీలు కావాలి, మన భుజంలో ఉన్నట్టు. గుండూ గిన్నే. స్టీరింగ్ చరిత్ర అంటే ఈ కీళ్ల చరిత్రే. ముసలితనంలో మనకి కీళ్లు అరిగినట్టే వీటికీ అరుగుతాయి.

మన దేశంలో చాలామందికి ఈ కీళ్లు పరిచయమైంది జీపుతో. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విల్లీస్ జీపు. 1945లో మొదలైన మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో ఇక్కడ వాటిని బిగించి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాలపాటు ఊళ్లలో సర్వీసు జీపులంటే అవే. ఆ పాత విల్లీస్ డిజైన్‌లో స్టీరింగ్ బాక్స్ నుంచి ఒక డ్రాగ్ లింక్ ముందుకు వచ్చి, మధ్యలో బెల్ క్రాంక్ అనే తిరుగుడు ముక్కని తిప్పుతుంది. అక్కడినుంచి రెండు టై రాడ్‌లు చెరో చక్రానికి. లెక్కపెట్టండి. డ్రాగ్ లింక్‌కి రెండు కీళ్లు, టై రాడ్‌లకి నాలుగు, బెల్ క్రాంక్ పిన్ను ఒకటి. మొత్తం ఏడు.

కుడి చక్రానికి వెళ్లే దారిలో వీటిలో ఐదు వరసగా ఉంటాయి. ఒక్కోదాంట్లో అర మిల్లీమీటరు అరుగుదల అనుకోండి, కంటికి కనిపించదు. ఐదూ కలిస్తే రెండున్నర మిల్లీమీటర్లు. చక్రం దగ్గరి ఆర్మ్ పొడవు 15 సెంటీమీటర్లు అనుకుంటే అది చక్రం దగ్గర దాదాపు 1 డిగ్రీ. స్టీరింగ్ నిష్పత్తి 20 అనుకుంటే మన చేతిలో చక్రం 19 డిగ్రీలు ఊరికే ఆడుతుంది. ఎవరూ తప్పు చేయలేదు, ఏ పార్టూ విరగలేదు. చిన్న చిన్నవి కూడుకున్నాయంతే. పాత జీపులు ఒక స్పీడు దాటగానే ముందు చక్రాలు గజగజ వణికేవి అని పెద్దవాళ్లు చెబుతారు చూడండి, దానికి ఉండే కారణాల్లో ఈ బెల్ క్రాంక్ పిన్ను అరుగుదల ముఖ్యమైనది.

అయితే ఆ పాత కీళ్లలో ఒక మంచి కూడా ఉంది. చాలావాటికి గ్రీజు నిపుల్ ఉండేది. డ్రాగ్ లింక్ కొసలో స్ప్రింగు, రెండు గిన్నె ముక్కలు, చివర ఒక మర ప్లగ్గు. లూజు వచ్చిందా, పిన్ను తీసి ప్లగ్గుని బిగించి, కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ పిన్ను పెట్టేవాళ్లు. గిన్నె అరిగితే గిన్నె ఒక్కటే మార్చేవాళ్లు. కీలుని విప్పొచ్చు, చూడొచ్చు, సరిచేయొచ్చు.

1980ల్లో చిన్న లారీల తరం వచ్చింది. జపాన్ కంపెనీలతో కలిసి నాలుగు కంపెనీలు దిగాయి: డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. ఈ చివరిది మనదే, హైదరాబాద్ ఆల్విన్ వాళ్లది, ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం కంపెనీ ఎప్పుడో పోయినా ఇప్పటికీ మన పేపర్లలో "డీసీఎం బోల్తా" అని రాస్తారు, ఆ సైజు లారీ ఏదైనా సరే. వీటికి పోటీగా టాటా 1986లో 407 తెచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చింది, ముప్పావు టన్ను బండి. అక్కడినుంచి పల్లె సందుల్లోకి కూడా నాలుగు చక్రాల సరుకు బండి వెళ్లింది.

ఈలోగా కీళ్లు మారిపోయాయి. గుండుకీ ఉక్కు గిన్నెకీ మధ్య ప్లాస్టిక్ లైనింగ్, లోపల ఒకసారి పెట్టిన గ్రీజు, పైన రబ్బరు బూటు, మొత్తం సీలు. నిపుల్ ఉండదు, ప్లగ్గు ఉండదు. అరిగితే ఎండ్ మొత్తం పారేసి కొత్తది వేయడమే. మెయింటెనెన్స్ అక్కర్లేదన్నారు, కొంతవరకు నిజమే, రబ్బరు చిరగనంతవరకు. దాంతోపాటు పవర్ స్టీరింగ్. ఇది కొత్తదేం కాదు, 1926లోనే ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజినీర్ చేసి చూపించాడు, 1951లో క్రైస్లర్ కంపెనీ కార్లలో అమ్మకానికి పెట్టింది. మన పికప్‌లకి చాలా ఆలస్యంగా వచ్చింది. భుజాలు బతికిపోయాయి, నేను కాదనను. కానీ పాత బండిలో కీలు అరిగితే ఆ వణుకు, ఆ కొట్టుకోవడం నేరుగా డ్రైవరు అరచేతికి తెలిసేది. పవర్ స్టీరింగ్ మధ్యలో నూనె ఒత్తిడితో ఆ కబురుని చాలావరకు మింగేస్తుంది. కీలుని సీలు వేసి కంటికి కనబడకుండా చేశాం, పవర్ పెట్టి చేతికి తెలియకుండా చేశాం. అరుగుదల మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు ఉద్దానానికి రండి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస. ఇసుక నేల, పక్కనే సముద్రం. ఇక్కడ పికప్ కింద ఉండే పార్టులకి శత్రువులు చాలామంది. ఉప్పు గాలి ఒకటి. చేపల పెట్టెల్లోంచి కారే ఉప్పునీళ్లు ఇంకొకటి, అవి నేరుగా ఛాసిస్ మీదకే కారతాయి. తోటల్లోంచి వచ్చే ఇసుక. టెక్కలి వైపు వెళ్తే నీలి గ్రానైట్ క్వారీల రాతిపొడి. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, మామూలు ఉక్కు కన్నా గట్టిది. రబ్బరు బూటు ఎక్కడైనా చిరిగితే ఆ పొడి లోపలికి వెళ్లి గ్రీజులో కలుస్తుంది. కందెన కాస్తా సానపెట్టే పేస్టు అవుతుంది. తిప్పిన ప్రతిసారీ గుండుని అదే అరగదీస్తుంది.

ఇక బరువు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలిసిందే. చాలామంది ఆర్వో నీళ్లు కొనుక్కుంటారు, ఆ 20 లీటర్ల క్యాన్లు ఇంటింటికీ వచ్చేది చిన్న బళ్ల మీదే. లెక్క వేద్దాం. 50 క్యాన్లు అంటే నీళ్లే 1000 కిలోలు. ముప్పావు టన్ను బండికి 37 క్యాన్లతోనే కోటా అయిపోయింది. అదనపు బరువు వెనక ఇరుసు దాటి కూర్చుంటే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ హాయిగా తేలిగ్గా అనిపిస్తుంది. ఆ తేలికే ప్రమాదం. ఖాళీగా వచ్చేటప్పుడు అదే బండి గోతిలో పడితే దెబ్బంతా టై రాడ్ ఎండ్‌కి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది, కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి రోజుల్లో తాగే నీళ్లు తెచ్చే బండి స్టీరింగ్ పోయి కాలవలో పడితే, దాని ఖరీదు ఒక ఎండ్ ఖరీదు కాదు.

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం 1988, దాని కింద కేంద్ర నిబంధనలు 1989. అందులో 98వ రూలు స్టీరింగ్ గురించే. స్టీరింగ్ చక్రం దగ్గర ఊరికే ఆడే ఆట 30 డిగ్రీలు దాటకూడదు. గడియారంలో 12 నుంచి 1 దాకా ఎంతో, అంతే. అదే రూలు ఇంకో రెండు మాటలు చెబుతుంది, ఎవరూ పట్టించుకోనివి. స్టీరింగ్ లింకేజిలో ప్రతి బాల్ జాయింటుకీ రబ్బరు టోపీ ఉండాలి. బోల్టులూ పిన్నులూ ఊడిపోకుండా గట్టిగా లాక్ చేసి ఉండాలి. చూశారా, ఎడ్లబండి కందెనా, సీలా రెండూ కేంద్ర ప్రభుత్వ గెజెట్‌లోకి వచ్చేశాయి. మనవాళ్లు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు కాబట్టి ఎఫ్‌సీకి వెళ్లేముందు బ్రేకులు మాత్రం చేయిస్తారు. ఆయన స్టీరింగ్ కూడా చూడాలి మరి!

రిపేరు దగ్గరికి వద్దాం. ముందు పరీక్ష. బండి నేల మీదే ఉంచి ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొంచెం కొంచెంగా కదపాలి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్‌లో, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి. ఇంకొకరు పక్కనుంచి ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలి. కడ్డీ కదిలాక కాసేపటికి ఆర్మ్ కదిలితే, లోపల టక్కుమంటే, ఆ కీలు పోయినట్టే. తర్వాత జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. ఆడితే టై రాడ్ వైపు అనుమానం. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే కింగ్ పిన్నో, సస్పెన్షన్ బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఈ తేడా తెలియకే చాలామంది మంచి ఎండ్‌లు మార్చేసి, పోయిన బేరింగుతో ఇంటికెళ్తారు.

మార్చేటప్పుడు, పాత ఎండ్ ఎన్ని మరలు తిరిగి ఊడిందో లెక్కపెట్టుకోండి, కొత్తది అన్నే మరలు ఎక్కించాలి. టై రాడ్‌కి ఒక పక్క ఎడమ మర, ఒక పక్క కుడి మర ఉండటం మామూలే, కడ్డీ తిప్పి పొడవు సర్దడానికి. గుండు కాడ ఏటవాలుగా ఆర్మ్‌లో బిగుసుకుని ఉంటుంది, దానికి పుల్లర్ వాడితే మంచిది. మరల మీద సుత్తితో కొడితే మళ్లీ ఆ ఎండ్ పనికిరాదు. కొత్తది బిగించాక నట్టు గాడీ, కాడ రంధ్రం ఎదురెదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి, వదులు చేసి కలపకూడదు. స్ప్లిట్ పిన్ను కొత్తది వేయాలి. పాతదాన్ని తిన్నగా చేసి మళ్లీ పెట్టడం, లేదా దాని బదులు మేకు ముక్క, తీగ ముక్క పెట్టడం కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. ఎడ్లబండి సీల ఊడితే చక్రం ఊడి బండి కూలబడేది, ఎద్దుల నడక స్పీడులో. ఇది పదహారో నంబరు హైవే మీద 80లో. చివరికి వీల్ అలైన్‌మెంట్ తప్పదు, లేకపోతే కొత్త టైర్లు నెల తిరక్కుండా అంచులు తినేస్తాయి.

అప్‌గ్రేడ్ అంటారు చాలామంది. నా అభిప్రాయం చెబుతాను. పాత జీపు ఉన్నవాళ్లు బెల్ క్రాంక్‌కి మంచి బేరింగు కిట్ వేయించుకోవడం అర్థవంతమైన పని. ఉప్పుగాలిలో తిరిగే పికప్‌కి, ఆ మోడల్‌కే చేసిన, గ్రీజు నిపుల్ ఉన్న ఎండ్‌లు దొరికితే అదే అసలైన అప్‌గ్రేడ్. గ్రీజు గన్‌తో ఎక్కించిన కొత్త గ్రీజు లోపలి ఇసుకనీ నీళ్లనీ బయటికి తోసేస్తుంది. అరిగిన గుండుకి వెల్డింగ్ పోసి లేతు మీద చెక్కించడం, వంగిన ఆర్మ్‌ని కాల్చి తిన్నగా చేయడం మాత్రం వద్దు. ఆ ఉక్కు గట్టిదనం వేడిచేసి, చల్లార్చి తెచ్చింది. మళ్లీ ఎర్రగా కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది, పైకి మాత్రం అలాగే కనబడుతుంది. ఇక బయటి పవర్ స్టీరింగ్ కిట్ బిగించాలనుకుంటే, కంపెనీ ఇచ్చిన అమరికని మార్చే ముందు చట్టంలో 52వ సెక్షన్ ఒకసారి చూసుకోండి. అరిగిన కీళ్ల మీద పవర్ పెట్టించడమైతే, నొప్పి తెలియకుండా మాత్ర వేసి విరిగిన కాలితో నడిపించడమే.

కేంద్రం 2021లో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకి నిబంధనలు తెచ్చింది. వాటిలో ముందు చక్రాల కింద కదిలే ప్లేట్లుంటాయి. చక్రాన్ని మెషీనే అటూ ఇటూ లాగుతుంది, కింద గోతిలోంచి కీలు ఆడుతోందో లేదో చూస్తారు. మీకు అంత మెషీన్ అక్కర్లేదు. చేతిలో ఫోనుంది. స్నేహితుడిని స్టీరింగ్ కదపమనండి, బండి కిందకి దూరకుండా పక్కనుంచే ఫోను లోపలికి పెట్టి, లైటు వేసి, స్లో మోషన్‌లో ఒక్కో కీలుని పది సెకన్లు తీయండి. మామూలుగా చూస్తే కనబడని ఆట అందులో కనబడుతుంది. రబ్బరు చిరిగిందో లేదో, పిన్ను ఉందో లేదో కూడా తెలుస్తుంది. షెడ్డుకి వెళ్లినప్పుడు ఆ వీడియో మేస్త్రీకి చూపించి, ఏ ఎండ్ మార్చాలో అప్పుడు మాట్లాడుకోండి.